చిగుళ్ళ రంగు నట్టు

ఊడి రానంటోంది. బ్లేడు మొనతో రెండు పక్కలా గీత పెట్టాడు, పాత జిగురు తెగినట్టే కనిపించింది, చిన్న చెక్కముక్క ఆనించి బుల్లి సుత్తితో ఒకటి తట్టాడు, కదల్లేదు, మరొకటి తట్టాడు, ఊహూఁ, ఇల్లు ఖాళీ చెయ్యనన్న అద్దెవాడిలా పట్టుకుని కూర్చుంది. పుచ్చిపోయిన పన్ను కూడా ఇంత మొండికెయ్యదు అనుకున్నాడు. నిజానికి అతను ఎవరి పన్నూ ఎప్పుడూ పీకలేదు, పీకడం డాక్టర్ల పని, పీకిన చోట పెట్టుకోవడానికి కట్టుడు పళ్ళు చేసి పంపడం అతని పని, అయినా బతుకంతా పళ్ళ మధ్య గడిపినవాడికి ఏ పోలిక తోచినా అక్కణ్ణుంచే తోస్తుంది. ఒళ్ళో అక్క గిటారు పడుకుని ఉంది, ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు, అంచుల్లో రంగు పోయి లోపలి చెక్క బయటపడింది, తీగలన్నీ వదులు చేసి పక్కకి లాగేసరికి దువ్వుకోని జుట్టులా అటూ ఇటూ పడ్డాయి. మెడ చివర, తీగలు బిగించే బిరడాలకి కాస్త ఇవతల, బొటనవేలంత పట్టీ, దాని మీద వరసగా ఆరు గాడులు, ఒక్కో గాడిలో ఒక్కో తీగ కూర్చుంటుంది, గిటారు వాళ్ళు దాన్ని నట్టు అంటారు. అందరి గిటార్లకీ అది తెల్లగానో నల్లగానో ఉంటుంది. అక్క గిటారుకి మాత్రం గులాబీ రంగు, అచ్చం కట్టుడు పళ్ళ చిగుళ్ళ రంగు, ఎందుకంటే అది చిగుళ్ళకి వాడే ముద్దే, పోతపోసింది అతనే. ఇంకో గంటలో అక్కా బావా వచ్చేస్తారు. "గిటార్లో ఈ రొద పోతే వాయిస్తా, పోకపోతే ఎవరికైనా ఇచ్చి పారేస్తా, ఊడ్చుకునేటప్పుడల్లా కాలికి అడ్డం" అని ఫోన్లో తేల్చి చెప్పింది అక్క. అన్నదంటే చేస్తుంది, మాట మీద నిలబడటమే దానికున్న పెద్ద రోగం అంటాడు బావ.

ఈసారి టక్కుమంది. చిన్న చప్పుడు, కానీ అతని వెన్నులో ఎక్కడో తగిలింది. గులాబీ పట్టీ విడిపోయి అరచేతిలోకి వచ్చింది, అడుగున పాత జిగురు పసుపుపచ్చగా, ఒక మూల అతని వేలిముద్ర కూడా ఉందేమో అనిపించింది, అద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు, వేలిముద్ర కాదు, గీత. అప్పటి వేలు వేరు, ఇప్పటి వేలు వేరు. అప్పుడు అతను పళ్ళ ల్యాబులో కొత్తగా చేరాడు, ఎవరు ఏం అడిగినా చేసిపెట్టేస్తానని చెప్పే వయసు. అక్క ఎడమచేతి వాటం మనిషి. అమ్మ ఆ ఎడమచెయ్యి మీద చాలా యుద్ధమే చేసింది, చెంచా కుడిచేతికి మార్చింది, పెన్సిలు కుడిచేతికి మార్చింది, గరిటె దగ్గర మాత్రం ఓడిపోయి కూర్చుంది. అలాంటి అక్క ఉద్యోగంలో చేరి, మొదటి జీతంతో పాత సామాన్ల కొట్టులో కుడిచేతి వాళ్ళ గిటారు కొనుక్కొచ్చి, దాన్ని తిరగేసి పట్టుకుంది. పట్టుకుంటే సరిపోతుందా, తీగలు కూడా తిరగెయ్యాలి, లావు తీగ పైకి రావాలి, సన్నది కిందికి పోవాలి, లావు తీగ గాడిలో సన్నది పడితే ఆడుతుంది, సన్నదాని గాడిలో లావుది దూరదు. కొట్టువాడు నట్టు మార్చాలమ్మా, అది ఇక్కడ దొరకదు అన్నాడు. "నేను చేస్తాగా" అన్నాడు అతను. "గిటారుకి నట్టేమిట్రా, మరి బోల్టో?" అంది అమ్మ.

పళ్ళ పనిలో మొదట నేర్పేది కుడి ఎడమలు మర్చిపోవడం. కాగితం మీద కుడి అని రాసి ఉంటే అది చూసేవాడి కుడి కాదు, నోరు తెరిచి కూర్చున్నవాడి కుడి. కొత్తగా నేర్చుకున్న విద్య కదా, మోజు ఎక్కువ, గిటారుని తెచ్చి కుర్చీలో తనకెదురుగా నిలబెట్టి, పేషెంటుకి తీసినట్టే కొలతలు తీసి, లావు తీగ ఎడమ అని గుర్తు పెట్టుకున్నాడు, అంటే గిటారుకి ఎడమ. మర్నాడు ల్యాబులో గులాబీ పొడీ ద్రవం కలిపి ముద్ద చేసి, గట్టిపడ్డాక గాడులు కోసేవేళకి ఎదురుగా గిటారు లేదు, ఆ ఎడమ కాస్తా తన ఎడమ అయిపోయింది. అన్నీ ఉల్టా. సాయంత్రమే ఏదో కాలేజీ వార్షికోత్సవంలో ప్రోగ్రాం, అక్కకి మొట్టమొదటిది. ఇరుకు గాడుల్ని ఆకురాయితో అరగదీసి లావు తీగలు ఎలాగో దూర్చాడు, వెడల్పు గాడుల్లో మళ్ళీ ముద్ద పూసి సన్న తీగలకి సరిచేశాడు, చివరి తీగ దగ్గర ముద్ద నిలవలేదు, పెచ్చు ఊడి వచ్చింది, అప్పటికే బయట వ్యాను హారను మోగిస్తోంది. అక్క గిటారు లాక్కుని, "ఏడుపుమొహం పెట్టకురా, ఎవరికీ వినపడదులే" అంటూ పరిగెత్తింది. వినపడింది. స్టేజి మీద పాట మొదలైన కాసేపటికి, తీగల మోత అడుగున, జుమ్మని, సన్నగా, వదలకుండా. అతను రెండో వరసలో కూర్చుని తల కాళ్ళ మధ్య దూర్చుకున్నాడు. అయిపోయాక డ్రమ్ములు వాయించే అతను వచ్చి, చెమట తుడుచుకుంటూ, "గిటార్లో తుమ్మెదని పెంచుతున్నావా?" అన్నాడు అక్కతో. జనం ఆ పాట మళ్ళీ వాయించమన్నారు. ఆ రోజునుంచీ అక్క పేరు తుమ్మెద, ఆ డ్రమ్ముల అతను తర్వాత బావ అయ్యాడు, ఇంత కథకీ తన కుడి ఎడమల పొరపాటే కారణం అని తల్చుకుంటే సిగ్గేస్తుందో గర్వంగా ఉంటుందో అతనికి ఇవాళ్టికీ తెలీదు.

నట్టు ఊడిన చోట చిన్న కాలవలా ఉంది. అందులో పాత జిగురుని మైనం చెక్కే కత్తితో మెల్లిగా గీరాడు, చెక్కకి దెబ్బ తగలకుండా, చిగుళ్ళు నొప్పి పెట్టకుండా గీరినట్టు. కొత్త నట్టు ఎముకది, సంగీత వాయిద్యాల షాపులో దొరికింది, ఇప్పుడు అన్నీ దొరుకుతున్నాయి, తెల్లగా, నునుపుగా, ఏ గాడీ లేకుండా. అద్దం పలక మీద గరుకు కాగితం అంటించి దాని అడుగు రుద్దడం మొదలుపెట్టాడు, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, ఎముక కాలిన వాసన వచ్చింది, ఆ వాసన అతనికి అలవాటే. పళ్ళ సెట్టు సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి పళ్ళ మధ్య పెట్టి కొరకమనే నీలం కాగితం ఒకటుంటుంది, ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ నీలం అంటుకుంటుంది. ఆ కాగితం ముక్క కాలవలో పరిచి, ఎముకని పెట్టి నొక్కి తీశాడు, ఒక పక్కే నీలం. మళ్ళీ రుద్దాడు. అమ్మ ఉంటే ఏమనేది, గిటారుకి కూడా నోరుందా అనేది. అమ్మకి అక్క వాయించడం ఇష్టమే, పైకి ఒప్పుకునేది కాదు, వంటింట్లోంచి "ఆ రొద ఆపి తినడానికి రావే" అని కేకెయ్యడమే ఆవిడ మెచ్చుకోలు. ఒకసారి అలాగే కేకేసింది, తీరా చూస్తే గిటారు ఇంట్లోనే లేదు, రిపేరు షాపులో ఉంది, అక్క గదిలో కూర్చుని బట్టలు మడత పెడుతోంది. అమ్మకి చెవులు గింగురుమంటున్నాయని అందరూ కడుపుబ్బ నవ్వారు. "వినపడింది మొర్రో" అని అమ్మ ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు, మూతి ముడుచుకుని ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు తల్చుకుంటే అయ్యో అనిపిస్తుంది, ఒకసారి అవునమ్మా మాకూ వినపడింది అంటే సొమ్మేం పోయేది.

నీలం ఈసారి చివర్నుంచి చివరిదాకా సమంగా అంటుకుంది. గిటారుని తిప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు, అక్క పట్టుకున్నట్టే, ఎడమచేతి వాటంగా. ఈసారి ఎవరి కుడీ లేదు, ఎవరి ఎడమా లేదు, చెక్క మీద అంటుకాగితం వేసి ఒక చివర లావు అనీ రెండో చివర సన్నం అనీ పెన్సిలుతో రాశాడు, రాసి తన మీద తనే నవ్వుకున్నాడు. అప్పట్లో రిపేరు షాపువాడు చెప్పాడు, నట్టు మాట చెల్లేది వట్టి తీగ మీటినప్పుడే సార్, వేలు పెట్టి మెడ మీద అడ్డంగా ఉండే మెట్టు దగ్గర నొక్కేశాక నట్టుకి పనేం లేదు, మీ అక్కగారు నొక్కి వాయించినా రొద వస్తోందంటే అది నట్టు వల్ల కాదేమో అని. అతను విన్నాడా, మెట్లు అరిగాయి, చెక్క వదులు, ఒకటి అదిర్తే అన్నీ అదుర్తాయి అని వాడికే పాఠం చెప్పి వచ్చాడు. తన పొరపాటుని ఇంకొకడు తనది కాదంటే అతనికి కోపం. ఏదో క్లబ్బులో ఒక సాయంత్రం, పాట మధ్యలో కరెంటు పోయింది, లైట్లు పోయాయి, మైకు పోయింది, జనం ఇంకా గోల మొదలుపెట్టలేదు, ఆ నల్లటి నిశ్శబ్దంలో తుమ్మెద మాత్రం కాసేపు వినిపించింది, ఆ తర్వాత అదీ ఆగింది. అందరూ ఆశ్చర్యపోతే అతను లేచి, ఆంప్లిఫయర్ లోపల కొంత కరెంటు నిలవుంటుంది, అది మెల్లిగా దిగుతుంది, నీళ్ళ ట్యాంకు లాగా అని విడమరిచి చెప్పాడు. అందరూ తలలూపారు. బావ ఒక్కడే డ్రమ్ముల వెనకాల నవ్వాడు, "అంతేనోయ్ బావమరిదీ, ట్యాంకే, అంతా నీ నట్టు మహిమే" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు అవకాశం దొరికినా అదే మాట, నీ నట్టు, నీ నట్టు అని, అక్క మారుద్దామంటే మాత్రం ససేమిరా ఒప్పుకునేవాడు కాదు, అదే పోతే మనల్ని ప్రోగ్రాములకి ఎవరు పిలుస్తారు అనేవాడు.

సన్నం గాడి. సన్నటి ఆకురాయి చేతిలోకి తీసుకుని ఆగాడు. మిగతా గాడులన్నీ అయిపోయాయి, లావు తీగనుంచి ఒక్కొక్కటే, బిరడాల వైపుకి కాస్త వాలుగా, తీగని కూర్చోబెట్టి మూడో మెట్టు దగ్గర నొక్కి, మొదటి మెట్టు మీద వెంట్రుకవాసి సందు ఉందో లేదో చూసుకుంటూ. ఇది ఆఖరిది. ఒక్కసారి ఎక్కువ రుద్దితే చాలు, గాడి వెడల్పవుతుంది, తీగ మళ్ళీ ఆడుతుంది, తుమ్మెద మళ్ళీ వస్తుంది, ఎవరికీ తెలీదు. రుద్దాలని ఉంది. ఆ చప్పుడు వింటే అతనికి ఆ వ్యానూ, చీకటి స్టేజీ, తెర వెనక చల్లారిన టీ, ముఖానికి పౌడరు ఎక్కువైన అక్కా, అమ్మ వంటిల్లూ అన్నీ ఉన్నచోటే ఉన్నట్టుంటుంది, అది పోతే వాటికి వేరే ఆనవాలేదీ లేదు, ఆ ప్రోగ్రాములు ఎవరూ రికార్డు చెయ్యలేదు. కానీ అక్క వాయించడం మానేసి చాన్నాళ్ళయింది. చెవులు మందగించాయి, "మీ బావ డ్రమ్ములు కొట్టి కొట్టి నా చెవులు తినేశాడు" అంటుంది, డాక్టరు చెవి మిషన్లు పెట్టాడు, పెట్టుకుని మురిసిపోయింది, పక్షులు వినపడుతున్నాయిరా, ఫ్రిజ్జు వినపడుతోందిరా అని. తర్వాత గిటారు తీసింది. తీసిన కాసేపటికే కింద పెట్టేసింది. తుమ్మెద కాస్తా జోరీగ అయిందిరా అని ఫోన్ చేసింది, చెవిలో దూరి గింగిర్లు తిరుగుతోంది, తల పగిలిపోతోంది, మిషను తీసేస్తే గిటారే వినపడదు, పెట్టుకుంటే ఈ రొద, ఇంక నావల్ల కాదు అంది. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది, లేదు, అలసట ఉంది. అక్క వాయించని ఇంటికి వెళ్తే గోడలు ఎవరివో అన్నట్టుంటాయి, బావ ఊరికే టీవీ పెట్టి చూడకుండా కూర్చుంటాడు. తన జ్ఞాపకం కోసం అక్క చెవిలో జోరీగని ఉంచుతాడా? ఆకురాయి ఎంత రుద్దాలో అంతే రుద్దాడు, ఒక్క రుద్దు కూడా ఎక్కువ రుద్దలేదు, ఊదాడు, తెల్లటి పొడి లేచి అద్దాల మీద పడింది.

ఒక్క జిగురు చుక్క, అంతకంటే వద్దు. నొక్కి పట్టుకున్నాడు. తీగలు ఎక్కించి, బిరడాలు తిప్పి, శ్రుతి చేసి, బల్ల కిందనున్న చిన్న ఆంప్లిఫయరుకి తగిలించి, సన్న తీగని వట్టిగా మీటాడు. స్వచ్ఛంగా మోగింది. గ్లాసు అంచున చెంచా తగిలినట్టు మోగి, నెమ్మదిగా పోయింది. అడుగున ఏమీ లేదు. పొద్దున పాత నట్టు తీసేముందు కూడా ఆఖరిసారి విందామని మీటి చూశాడు, అప్పుడు కొద్దిగా, గొంతు పోయినవాడిలా జీరగా ఒకటి వచ్చిందంతే, తుమ్మెద కూడా ముసలిదైపోయింది పాపం అనుకున్నాడు. ఇప్పుడు ఆ జీర కూడా లేదు. పని బ్రహ్మాండంగా కుదిరింది, వంక పెట్టడానికి లేదు, ఆ సంగతి తల్చుకుంటేనే కళ్ళు తడయ్యాయి, పొడి పడిందని అద్దాలు తీసి తుడుచుకున్నాడు. గులాబీ పట్టీ బల్ల మీద, విరిగిన పళ్ళ సెట్లో ముక్కలా పడుంది. బయట కారు తలుపు చప్పుడైంది, ఆ వెనకే అక్క గొంతు, మిషన్లు వచ్చాక కూడా పాత అలవాటుకొద్దీ వీధంతా వినపడేలా.

"అయిందట్రా?"

"అయింది, రా."

అక్క కుర్చీలో సర్దుక్కూచుంది, చెవుల వెనక మిషన్లు సవరించుకుంది, కొత్త నట్టుని వేలితో తడిమి "తెల్లగా ఉందిరా, పాల పన్నులా" అంది. బావ గోడవారనున్న స్టూలు మీద కూర్చుని మోకాలి మీద వేళ్ళతో దరువు మొదలుపెట్టాడు, ఆయన చేతులు ఊరికే ఉండలేవు. అక్క ఎడమచేత్తో మొదటి ప్రోగ్రాం నాటి ఆ పాటే అందుకుంది. తల వంచుకుంది, పెదాలు బిగించింది, ఎప్పుడూ అంతే. రెండు మలుపులు తిరిగింది పాట, మూడో మలుపులో వచ్చింది. జుమ్మని, అడుగున, తీగ వెనకాల ఎవరో నిలబడ్డట్టు.

అక్క ఆపేసింది. చెయ్యి చెవి దగ్గరికి పోయింది.

"పోలేదురా" అంది. తిట్టలేదు. గిటారు మీదనుంచి చెయ్యి తీసేసి, ఒళ్ళోంచి దింపబోయింది.

"ఉండక్కా, ఇటివ్వు." తీసుకుని తనే మీటాడు, స్వచ్ఛంగా ఉంది. ఇచ్చాడు. అక్క వాయించింది, కాసేపటికి మళ్ళీ జుమ్మంది. "చూశావా, దీనికి నేనంటేనే పడటం లేదు" అంది అక్క. నేల మీద మోకాళ్ళూని, చెవి తీసుకెళ్ళి నట్టుకి ఆనించినంత దగ్గరగా పెట్టాడు. "వట్టి తీగలు మీటకు, మధ్యలో మెట్ల మీద నొక్కి వాయించు" అన్నాడు. అక్క కుడిచెయ్యి మెడ మీద జరుపుకుంటూ మధ్యకి తెచ్చింది, అక్కడ నట్టుకి ఏ సంబంధమూ లేదు, ఎవరు చేసిన నట్టుకైనా, ఏ రంగు నట్టుకైనా. వచ్చింది, అదే చప్పుడు. షాపువాడు చెప్పిన మాట ఇన్నేళ్ళకి వచ్చి మొహమ్మీద కొట్టింది. చప్పుడు తన చెవి పక్కనుంచి రావడం లేదు, పైనుంచి వస్తోంది. తలెత్తాడు. అక్క కళ్ళు మూసుకుని ఉన్నాయి, పెదాలు బిగించి ఉన్నాయి, గొంతు మీద నరం సన్నగా అదురుతోంది. చీకటి క్లబ్బూ, బట్టలు మడతపెడుతున్న అక్కా, వినపడింది మొర్రో అంటున్న అమ్మా ఒక్కసారే గదిలోకి వచ్చేశారు.

బావ వైపు చూశాడు. మోకాలి మీద దరువు ఆగిపోయి ఉంది. బావ తల అడ్డంగా ఆడించాడు, చెప్పకు అన్నట్టు, దొంగతనం బయటపడ్డ పిల్లాడి మొహం పెట్టి, బతిమాలుతున్నట్టు. ఈయనకి తెలుసు. పక్కనే కూర్చుని వాయించినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది, ఎప్పట్నుంచో తెలుసు, నీ నట్టు నీ నట్టు అని ఇన్నేళ్ళూ ఊరందరికీ చాటింది అందుకు. చెబితే అక్క సిగ్గుపడి నోరు కట్టేసుకుంటుందని. కానీ బావా, చెప్పకపోతే ఇవాళ గిటారే పోతుంది. అతను చెయ్యి చాచి, అరచెయ్యి తీగల మీద ఆన్చాడు.

తీగలు ఆగిపోయాయి. తుమ్మెద ఆగలేదు. పాటలో మిగిలిన ముక్కని పట్టుకుని, ఆ మలుపు దాకా ఒక్కతే నడిచి వెళ్ళి, అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అక్క కళ్ళు తెరిచింది.

"ఏమిట్రా అది?"

"నువ్వే అక్కా."

అక్క గొంతు మీద వేళ్ళు పెట్టుకుంది, సన్నగా ఒకసారి జుమ్మని అంది, వింది. చెవి మిషన్లోకి వెళ్ళిన ఆ జోరీగ తన గొంతే అని ఆ మొహానికి అర్థమవడం అతను దగ్గర్నుంచి చూశాడు. తర్వాత తల తిప్పి గోడవారకి చూసింది.

"ఏమయ్యా, నీకు తెలుసా?"

"చెబితే ఆపేస్తావని" అన్నాడు బావ. నేల చూపులు చూస్తూ, "నాకు ఆ పాటలో ఉన్నదే అదొక్కటి" అన్నాడు.

అక్క బల్ల మీదనుంచి గులాబీ పట్టీ తీసి చూసింది, పాపం వీణ్ణి ఎన్ని తిట్లు తిట్టించావు గదయ్యా అంది, అది నవ్వో ఏడుపో అతనికి తెలియలేదు, తన చెంపల మీద మాత్రం తడి పారుతోంది, తుడుచుకుందామంటే ఒక చెయ్యి ఇంకా తీగల మీదే ఉంది. అక్క పట్టీని అతని జేబులో వేసింది. గిటారు ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుంది. పెదాలు బిగించింది, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు వదులు చేసింది.

"చెయ్యి తియ్యరా" అంది.